స్టింగ్‌ని రియాలిటీ షో లాగా తీస్తే అది జర్నలిజమేనా? ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళు చెప్పండి

బెజవాడ_కెమెరా:
అందరికీ నమస్తే. నేను వీడియోగ్రాఫర్‌ని, పెళ్ళిళ్ళు ఫంక్షన్లు చేస్తా, మధ్యమధ్యలో యూట్యూబ్ న్యూస్ చానెళ్ళకి కూడా షూట్‌కి వెళ్తుంటా. తెలిసిన ఒకాయన కొత్తగా చానెల్ పెట్టి ఒక సిరీస్ అనుకుంటున్నాడు. మైనర్ అమ్మాయిలకి పిచ్చి మెసేజ్‌లు పెట్టేవాళ్ళని దొంగ ఐడీతో చాటింగ్ చేసి, ఒక ఫ్లాట్‌కి రప్పించి, లోపల నాలుగు వైపులా కెమెరాలు దాచి, యాంకర్ సడన్‌గా ఎంటర్ అయి చాట్ ప్రింటవుట్ చదువుతూ నిలదీయడం, వాడు బయటికి పరిగెత్తగానే పోలీసులు పట్టుకోవడం. ఐడియా ఎక్కడిదంటే అమెరికాలో ఎన్‌బీసీ అనే చానెల్ డేట్‌లైన్ ప్రోగ్రామ్‌లో 2004 నుంచి 2007 దాకా వచ్చిన టు క్యాచ్ ఎ ప్రిడేటర్. క్రిస్ హాన్సెన్ అని యాంకర్. లింకులు పంపాడు, చూడ్డం మొదలుపెడితే ఆపబుద్ధి కాలేదు, తెల్లవారుజాము దాకా చూశా. అయితే చూస్తున్నంతసేపూ ఎక్కడో గుచ్చుతూనే ఉంది, ఏంటో సరిగ్గా చెప్పలేను. వాళ్ళు తప్పుడు మనుషులే, డౌట్ లేదు. మరి ఇది న్యూసా, షోనా? నన్ను కెమెరాకి రమ్మంటున్నాడు, డబ్బులు కూడా బానే ఇస్తా అంటున్నాడు.

ప్లేనో_పక్కింటోడు:
బ్రో, ఆ షో ఎందుకు ఆగిపోయిందో ఆ లింకుల్లో ఉండదు. నేనుండేది టెక్సాస్‌లోని ప్లేనోలో, మర్ఫీ అనే ఊరు ఇక్కడికి పక్కనే, ఇప్పుడు ఈ చుట్టుపక్కలంతా మన తెలుగువాళ్ళు బోలెడుమంది. 2006 నవంబర్లో డేట్‌లైన్ వాళ్ళు మర్ఫీలో మామూలు ఫ్యామిలీలు ఉండే కాలనీలో ఒక ఇల్లు తీసుకుని సెటప్ పెట్టారు. కొద్ది రోజుల్లో ఇరవైమందికి పైగా వచ్చి దొరికారు. ఒకడు మాత్రం రాలేదు. పదమూడేళ్ళ అబ్బాయి అనుకుని చాట్ చేశాడు, ఫోటోలు పంపాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆయన ఎవరంటే పక్క కౌంటీలో అసిస్టెంట్ డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రాసిక్యూటర్. టీవీకి ఇంతకంటే పెద్ద కథ ఏముంటుంది చెప్పు. ఆయన రాకపోయేసరికి పోలీసులు వారంట్ తీసుకుని టెరెల్‌లో ఉన్న ఆయన ఇంటికే వెళ్ళారు, వాళ్ళతోపాటు ఎన్‌బీసీ కెమెరాలు కూడా వెళ్ళి రోడ్డు మీద రెడీగా ఉన్నాయి. స్వాట్ టీమ్ (ఆయుధాలతో వెళ్ళే స్పెషల్ పోలీసులు) లోపలికి వెళ్ళింది, ఆయన అక్కడికక్కడే కాల్చుకుని చనిపోయాడు. 2007 ఫిబ్రవరిలో అది కూడా ఎపిసోడ్‌గా వేశారు.

ఇంకోటి విను. మర్ఫీలో దొరికినవాళ్ళ మీద కేసులు పెట్టనని కాలిన్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ చెప్పేశాడు. చాలా కేసుల్లో చాట్ చేసినవాడు గానీ, పిల్లలా నటించినవాడు గానీ చాటింగ్ టైమ్‌లో ఈ కౌంటీలోనే లేరు, అసలు మా పరిధే కాదు అన్నారు. అంటే దేశమంతా మొహాలు చూసేసింది, కోర్టులో మాత్రం ఏమీ లేదు. కాలనీవాళ్ళ కోపం సంగతి అడగొద్దు, అలాంటివాళ్ళందర్నీ మా పిల్లలు ఆడుకునే వీధిలోకి మీరే పిలిచారు కదా అని సిటీ మీటింగ్‌లో గొడవ గొడవ.

సూటిగా_సుత్తిలేకుండా:
అయితే ఏంటి. పదమూడేళ్ళ పిల్లాడితో అలా మాట్లాడినోడు కాల్చుకుంటే నేను ఏడవాలా? మీరంతా నేరస్తుడి మీద జాలి చూపించడంలో ఫస్టు, పిల్లల దగ్గరికొచ్చేసరికి "ఎథిక్స్" అంటారు. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. అలాంటోడి మొహం ఒక్కడిది టీవీలో వేసినా పదిమంది భయపడి ఫోన్ కింద పెడతారు. బెజవాడ బ్రో, చేసెయ్, నేను షేర్ చేస్తా.

డెస్క్_బాబాయ్:
సూటిగా గారూ, జాలి సంగతి పక్కన పెడదాం, నాకూ లేదు. ఆయన ఇంటికి కెమెరా ఎందుకు వెళ్ళింది అన్నదొక్కటే నా ప్రశ్న. పోలీసులు వెళ్ళడానికి కారణం ఉంది, సాక్ష్యం చెరిపేస్తాడనో ఇంకోటనో. చానెల్ వెళ్ళడానికి? వాళ్ళ షో ఎప్పుడూ ఒకే పద్ధతిలో నడుస్తుంది, మనిషి తలుపు తోసుకుని వస్తాడు, కూర్చుంటాడు, యాంకర్ వస్తాడు, మొహం మాడిపోతుంది, బయట అరెస్టు. ఈయన రాలేదు కాబట్టి ఎపిసోడ్‌కి క్లైమాక్స్ లేదు. లేని క్లైమాక్స్ కోసం వెళ్ళారు. న్యూస్‌లో క్లైమాక్స్ అనేది ఉండాలని రూలేం లేదు, చాలా మంచి స్టోరీలు "విచారణ కొనసాగుతోంది" అనే లైన్‌తోనే ఆగిపోతాయి. రియాలిటీ షోకి మాత్రం ఉండి తీరాలి, స్లాట్ అయిపోయేలోపు ఉండాలి. అక్కడే తేడా కొడుతుంది.

ఆ చనిపోయిన ప్రాసిక్యూటర్ సోదరి ఎన్‌బీసీ మీద 105 మిలియన్ డాలర్లకి దావా వేసింది. 2008 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి డెనీ చిన్ ఆ కేసు పూర్తిగా కొట్టెయ్యడానికి ఒప్పుకోలేదు, ఆరోపణలు రుజువైతే చానెల్ బాధ్యతగల జర్నలిజం గీత దాటి పోలీసుల పనిలో చెయ్యి పెట్టిందని జ్యూరీ అనుకునే అవకాశం ఉంది అని అర్థం వచ్చేలా రాశాడు. ఆ ఏడాదే బయట సెటిల్ చేసుకున్నారు. చాట్ చేసిన పర్వర్టెడ్ జస్టిస్ అనే వాలంటీర్ల గ్రూప్‌కి చానెల్ డబ్బులిచ్చేది, మూడో ఎడిషన్ నుంచి పోలీసులు కూడా కలిశారు, ఒక చోటైతే ఆ వాలంటీర్లకే డిప్యూటీ, అంటే పోలీసు హోదా ఇచ్చారు. ఇక ఎవరు రిపోర్టరు, ఎవరు పోలీసు, ఎవరు ఫిర్యాదుదారు? అందరూ ఒకే వ్యాన్‌లో ఉంటే ఒకళ్ళ తప్పు ఇంకొకళ్ళు ఎలా రాస్తారు? నాకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించేది అదే. ఆ రోజు టెరెల్‌లో పోలీసులు తొందరపడ్డారా లేదా అని అడగాల్సిన మీడియా పోలీసుల పక్కనే నిలబడి ఫోకస్ సెట్ చేసుకుంటోంది.

బై ద వే అదే డేట్‌లైన్‌కి పాత చరిత్ర ఉంది. 1992లో జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కులు గుద్దుకుంటే మంటలు వస్తాయని స్టోరీ వేశారు, మంట కచ్చితంగా రావాలని కింద బొమ్మ రాకెట్ల ఇంజన్లు కట్టి తీశారు. దొరికిపోయి 1993 ఫిబ్రవరిలో ఆన్ ఎయిర్ క్షమాపణ, తర్వాత ఎన్‌బీసీ న్యూస్ ప్రెసిడెంట్ రాజీనామా. ట్రక్కుల్లో నిజంగా సమస్య ఉందేమో, దాని మీద అప్పట్లో కోర్టు కేసులు కూడా నడిచాయి, కానీ ఆ మంట వీళ్ళది.

నల్లకోటు_నాంపల్లి:
మంచి టాపిక్. చట్టం వైపు నుంచి చెప్తా, కొంచెం పొడుగవుద్ది, భరించండి.

మనకి బాగా తెలిసిన ఏసీబీ ట్రాప్ తీసుకోండి. ఎమ్మార్వో ఆఫీసులో ఎవడో లంచం అడిగాడు, బాధితుడు వెళ్ళి కంప్లైంట్ ఇస్తాడు, అప్పుడు నోట్లకి ఫినాఫ్తలీన్ పౌడర్ రాసి పంపుతారు, చేతులు వాషింగ్ సోడా కలిపిన నీళ్ళలో ముంచితే గులాబీ రంగు. ఇందులో ముందు ఏముంది? డిమాండ్. ఆ డిమాండ్ రుజువు కాకపోతే చేతులు ఎంత గులాబీ అయినా కేసు నిలబడదు, 2022లో రాజ్యాంగ ధర్మాసనం నీరజ్ దత్తా కేసులో కూడా డిమాండ్ రుజువు కావాల్సిందే, అయితే దాన్ని పరిస్థితులను బట్టి కూడా రుజువు చెయ్యొచ్చు అంది. అంటే నేరం ముందే నడుస్తోంది, కెమెరా తర్వాత వచ్చింది. దానికి రివర్స్‌లో, నేరం చెయ్యాలనే ఆలోచనే లేనివాడి దగ్గరికి నువ్వు వెళ్ళి, పదిసార్లు అడిగి, ఒప్పించి, అప్పుడు కెమెరా పెడితే? చెరువులో చేపని నువ్వే వదిలి, నువ్వే పట్టి ఫోటో దిగినట్టు. సుప్రీంకోర్టు 1954లోనే శివ్ బహదూర్ సింగ్ కేసులో ఈ పద్ధతిని తప్పుబట్టింది.

జర్నలిస్టులకి ప్రత్యేక రక్షణ ఉందని చాలామంది అనుకుంటారు. 2014లో రజత్ ప్రసాద్ కేసులో (2003లో ఒక కేంద్రమంత్రి హోటల్ గదిలో డబ్బు తీసుకున్న వీడియో గుర్తుందా, అదే) స్టింగ్ చేసినవాళ్ళకి కూడా ఆటోమేటిక్ మాఫీ లేదు, ప్రజాప్రయోజనం కోసమే చేశామంటే ట్రయల్‌లో నిరూపించుకోండి అన్నారు. అలాగని కోర్టులు స్టింగ్‌కి వ్యతిరేకం కాదు. ఎంపీలు డబ్బు తీసుకుని పార్లమెంటులో ప్రశ్నలు అడిగిన వ్యవహారంలో స్టింగ్ చేసినవాళ్ళ మీదే పోలీసులు కేసు పెడితే 2010లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, అవినీతి బయటపెట్టడం పౌరుడి బాధ్యత అని. ఆర్.కె. ఆనంద్ కేసులో 2009లో సుప్రీంకోర్టు, స్టింగ్‌కి ముందే కోర్టు పర్మిషన్ తీసుకోవాలన్న వాదన ఒప్పుకోలేదు, అది ప్రీ సెన్సార్‌షిప్ అవుతుందని. కానీ ఆ వీడియో ఉన్న ఒరిజినల్ మెమరీ చిప్‌లు కోర్టు కస్టడీలోకి తీసుకోకుండా చానెల్ దగ్గరే ఉంచడాన్ని తప్పుబట్టింది.

బెజవాడ గారూ, మీ చానెలాయన్ని ఒకటే అడగండి. ముందు చాట్‌లో "కలుద్దాం" అని ఎవరు అంటారు? పిల్లలా నటించే మీ మనిషా, అవతలివాడా?

సూటిగా_సుత్తిలేకుండా:
లాయర్ గారు చెప్పింది ఒప్పుకుంటా. కానీ మీరు పాలు పోస్తూ నీళ్ళు కూడా పోస్తున్నారు 😀 తెహల్కా అనే న్యూస్ సైట్ వాళ్ళు 2001లో దొంగ ఆయుధాల కంపెనీ పెట్టుకుని వెళ్ళకపోతే బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయలు తీసుకోవడం ఎవరు చూసేవాళ్ళు? మన హైదరాబాదాయనే, అప్పుడు బీజేపీ జాతీయ అధ్యక్షుడు. 2012లో నాలుగేళ్ళ శిక్ష పడింది. 2005 డిసెంబర్లో కోబ్రాపోస్ట్ వీడియో ఆజ్‌తక్‌లో వచ్చాక పదకొండు మంది ఎంపీలు సభ్యత్వం పోగొట్టుకున్నారు. అదీ దొంగ సంఘం పేరుతోనే. చేపని ఎవరూ వదల్లేదు సార్, చేపలు ముందునుంచీ ఉన్నాయి.

గోదారి_గట్టు:
తెహల్కా పేరు ఎత్తారు కాబట్టి రెండో సగం కూడా చెప్పుకుందాం అన్నా. అదే ఆపరేషన్‌లో ఆర్మీ ఆఫీసర్ల దగ్గరికి సెక్స్ వర్కర్లని పంపించి అది కూడా రికార్డు చేశారు. ఆ సంగతి అదే ఏడాది ఆగస్టులో బయటికొచ్చింది, అప్పటిదాకా పొగిడినవాళ్ళే ఇదేం పద్ధతి అన్నారు. ఆయుధాల డీల్‌లో లంచం రుజువు చెయ్యడానికి ఆ ఆడవాళ్ళు ఎందుకు? ఆ రికార్డింగులో వాళ్ళ మొహాలు, వాళ్ళ బతుకులు ఎవరి లెక్కలోకీ రావు.

కేరళలో 2017 మార్చిలో మంగళం టీవీ మొదలైన రోజే మంత్రి ఒకాయన ఫోన్ సంభాషణ వేశారు. సాయం కోసం ఫోన్ చేసిన గృహిణి అన్నారు ముందు. మంత్రి రాజీనామా చేశాడు. కొన్ని రోజులకి, కాదు, మా లేడీ జర్నలిస్టే అలా మాట్లాడింది, స్టింగ్ అని చానెల్ హెడ్డే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. నేను అడిగేది, ఆ ఉద్యోగానికి ఆ అమ్మాయిని పంపింది ఎవరు? ఎడిటర్ అయితే తన గొంతుతో చెయ్యలేదుగా. కాస్టింగ్ కౌచ్ మీద స్టింగ్ అని, హీరోయిన్ అవ్వాలనుకునే అమ్మాయి వేషంలో రిపోర్టర్‌ని పంపినవి కూడా చూశాం, అందులో ప్రొడ్యూసర్లు ఇండస్ట్రీలో ఏం చేస్తున్నారో తెలిసింది తక్కువ, ప్రోమోలో మళ్ళీ మళ్ళీ తిప్పిన సీన్లు ఎక్కువ. న్యూస్ చానెళ్ళ సొంత అసోసియేషన్ నియమాల్లోనే ఉంది, స్టింగ్ ఆఖరి దారి అవ్వాలి, సెక్స్‌ని ఎర వెయ్యకూడదు అని. ఎవరు పాటిస్తున్నారు?

ఎడిటింగ్_సూట్:
నేను ఎక్కువ పోస్టులు పెట్టను, ఇది మాత్రం నా ఏరియా. ఒక చానెల్లో (పేరు వద్దు) క్రైమ్ ప్రోగ్రామ్ కట్ చేసేవాణ్ణి. మనిషి మాట్లాడకుండా కూర్చున్న నలభై సెకన్ల ఫుటేజ్ ఇచ్చి "కంగారు పెంచు" అంటారు. నేనేం చేస్తానంటే ముందెప్పుడో మైక్ పెడుతున్నప్పుడు మూతి తుడుచుకున్న షాట్ తెచ్చి ప్రశ్న తర్వాత పెడతా, కింద డప్పు లాంటి బీజీఎం, ఒక క్షణం నల్ల స్క్రీన్, బ్రేక్. ప్రశ్న నిజం, మనిషి నిజం, మూతి తుడుచుకోవడం నిజం, ఆ వరుస మాత్రం నాది. ఇంకా ఘోరం ఏంటంటే ఒక చోట చెప్పిన సగం మాటని వేరే చోట చెప్పిన సగంతో అతికించడం, మధ్యలో యాంకర్ మొహం వేస్తే అతుకు కనపడదు. రియాలిటీ షోల్లో ఇది రోజువారీ పని, ఎవరూ తప్పనుకోరు, ఎందుకంటే అక్కడ పోయేది వోటింగే. న్యూస్‌లో అదే చేస్తే ఆ మనిషి జైలుకే పోవచ్చు.

బెజవాడ, ఇంకో మాట. నాలుగు కెమెరాలు ఎందుకు అడుగుతున్నాడో ఆలోచించు. రుజువుకి ఒక్క కెమెరా, కట్ లేకుండా, టైమ్ కోడ్‌తో చాలు. నాలుగు కావాల్సింది నాకు, రియాక్షన్ కోసం.

డెస్క్_బాబాయ్:
పై పోస్టు ఫ్రేమ్ కట్టించి పెట్టాలి.

సూటిగా గారికి ఇంకోటి. పేరు రాయను, ఆవిడ మామూలు మనిషి. 2007 ఆగస్టు 30న ఢిల్లీలో లైవ్ ఇండియా అనే చానెల్ ఒక ప్రభుత్వ స్కూలు లెక్కల టీచరమ్మ తన స్టూడెంట్లతో వ్యభిచారం చేయిస్తోందని స్టింగ్ వేసింది. గంటల్లో స్కూలు ముందు జనం, ఆవిణ్ణి కొట్టారు, బట్టలు చించారు, అదంతా మళ్ళీ అన్ని చానెళ్ళలో లైవ్. ప్రభుత్వం ఉద్యోగం పీకేసింది. తర్వాత పోలీసులు చూస్తే స్టూడెంట్ అని చూపించిన అమ్మాయి స్టూడెంటే కాదు, జర్నలిజంలోకి రావాలనుకుంటున్న అమ్మాయి, ఆ పాత్ర వేసింది. రిపోర్టర్ అరెస్టు, చానెల్‌ని నెలరోజులు ప్రసారం ఆపించారు, ఢిల్లీ హైకోర్టు సొంతంగా కేసు తీసుకుని డిసెంబర్లో గైడ్‌లైన్లు సూచించింది. "పిల్లల కోసం" అనే మాట వినపడగానే మనం ఫుటేజ్‌ని ప్రశ్నించడం మానేస్తాం. మీరు షేర్ చేస్తానన్నారే, ఆ రోజు స్కూలు ముందుకొచ్చిన వాళ్ళంతా కూడా పిల్లల మీద ప్రేమతోనే వచ్చారు.

సూటిగా_సుత్తిలేకుండా:
బాబాయ్ అది ఫేక్ కేసు. ఫేక్‌ని చూపించి అసలుని ఆపడం ఏం లాజిక్? అయితే పిల్లల్ని ఎవరు కాపాడాలి, మీ ఫోరమా?

తార్నాక_టీ:
అసలు మన అప్పటి గవర్నర్ తివారీ గారి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి 😂 2009 డిసెంబర్ 25, ఏబీఎన్, రాజ్‌భవన్. కల్పితం అని రాజ్‌భవన్, ఆపమని హైకోర్టు, మర్నాడే ఆరోగ్యం బాలేదని రాజీనామా. ఆ ఎమ్మెల్యేల కొనుగోలు ఆరోపణల మొయినాబాద్ ఫామ్‌హౌస్ వీడియోలు కూడా కలపండి, అప్పటి ముఖ్యమంత్రే ప్రెస్ మీట్ పెట్టి స్క్రీన్ మీద వేసి చూపించారు, మనకి న్యూస్ చానెల్ అవసరం కూడా లేదు.

మోడరేటర్:
తార్నాక గారూ ఫామ్‌హౌస్‌కి, ఓటుకు నోటుకి వేరే థ్రెడ్లు ఉన్నాయి, రెండూ లాక్ అయ్యాయి, ఎందుకో మీకు తెలుసు. ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టొద్దు ప్లీజ్.

గోదారి_గట్టు:
సూటిగా అన్నా, ఎవరు కాపాడాలి అన్నారు కదా. మన హైదరాబాద్‌లోనే షీ టీమ్స్ ఉన్నాయి, 2014 అక్టోబర్ నుంచి. మఫ్టీలో బస్టాపుల్లో కాలేజీల దగ్గర నిలబడతారు, దాచిన కెమెరాతో ఏడిపించేవాళ్ళని రికార్డు చేస్తారు. టెక్నిక్ ఒకటే కదా, దొంగ కెమెరా. కానీ ఆ వీడియో టీవీకి కాదు, పట్టుబడినవాణ్ణి అమ్మానాన్నలతో కూర్చోబెట్టి చూపించడానికి, కేసు పెడితే కోర్టుకి. వాళ్ళ పనిలో లోపాలు లేవని కాదు. అక్కడ యాంకర్ లేడు, ప్రోమో లేదు, వాడు రేపు బస్టాపుకి రాకపోతే ఎవరి ఎపిసోడూ ఆగదు.

ప్లేనో_పక్కింటోడు:
దొంగ కెమెరా జర్నలిజానికి మంచి ఉదాహరణ కూడా ఒకటి పెడతా, లేకపోతే మనమంతా స్టింగ్ వద్దనే బ్యాచ్ అనుకుంటారు. 2011లో బీబీసీ పనోరమా. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అని మానసిక ఎదుగుదల లేనివాళ్ళకి ప్రైవేట్ ఆసుపత్రి. అక్కడ పనిచేసిన సీనియర్ నర్సు పేషెంట్లని కొడుతున్నారని మేనేజ్‌మెంట్‌కి చెప్పాడు, తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థకి చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు రిపోర్టర్ అక్కడ సపోర్ట్ వర్కర్‌గా ఉద్యోగంలో చేరి వారాలపాటు రికార్డు చేశాడు. ఎవర్నీ ఏదీ చెయ్యమని అడగలేదు, ఎర వెయ్యలేదు, రోజూ జరిగేది జరుగుతుంటే తీశాడు. పదకొండు మందికి శిక్షలు పడ్డాయి, అందులో ఆరుగురు జైలుకి, ఆసుపత్రి మూతపడింది. అక్కడా ఒక ప్రశ్న ఉంది, కళ్ళముందు కొడుతుంటే అన్ని వారాలు తీస్తూ ఉండటం ఏంటని. దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ మర్ఫీతో పోల్చి చూడండి.

నల్లకోటు_నాంపల్లి:
అలా ఉద్యోగంలో చేరడానికీ రిస్కుంది. 1992లో అమెరికాలో ఏబీసీ చానెల్ వాళ్ళు ఫుడ్ లయన్ సూపర్ మార్కెట్లలో దొంగ రెజ్యూమెలతో చేరి, విగ్గులో కెమెరా పెట్టుకుని, పాడైన మాంసం అమ్ముతున్నారని స్టోరీ వేశారు. కంపెనీ స్టోరీ అబద్ధమని కేసు వెయ్యలేదు, మోసంతో లోపలికొచ్చారు అని వేసింది. జ్యూరీ ఐదున్నర మిలియన్ డాలర్లు వేస్తే, 1999కి అప్పీల్లో మిగిలింది రెండు డాలర్లు. రెండు మిలియన్లు కాదు, రెండు డాలర్లే. కానీ ఆ ఏడేళ్ళు లాయర్ ఫీజులు కట్టింది పెద్ద నెట్‌వర్క్ కాబట్టి తట్టుకుంది. మన బెజవాడ యూట్యూబ్ చానెల్ సంగతి మీరే ఊహించుకోండి, ముద్దాయిల లిస్టులో కెమెరామన్ పేరు కూడా ఉంటుంది.

బెజవాడ_కెమెరా:
అందరికీ థాంక్స్. లాయర్ గారు అడగమన్నది ఆయన్ని అడిగా. "కలుద్దాం" అని ఎవరంటారు అంటే, వాడు రెండు రోజుల్లో అనకపోతే మనమే అంటాం, లేకపోతే షెడ్యూల్ పోద్ది అన్నాడు. రా ఫుటేజ్ కట్ లేకుండా పోలీసులకి ఇస్తామని రాసివ్వమన్నా, అది చానెల్ ప్రాపర్టీ అంటున్నాడు. పోలీసులు ఎవరొస్తారు అంటే తెలిసిన ఎస్సై ఉన్నాడు, యూనిఫామ్‌లో ఫ్రేమ్‌లో ఉంటే స్పాన్సర్ ఒప్పుకుంటాడు అన్నాడు. నేను రానని చెప్పేశా. దాంతోపాటు ఒకటి అడిగా, మన ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే ఎన్ని పోక్సో కేసులు పెండింగ్ ఉన్నాయో, ఎన్ని కొట్టేశారో, ఎందుకు కొట్టేశారో సిరీస్ చేద్దాం, షూట్ తక్కువ డబ్బులకి చేస్తా అని. "అందులో విజువల్స్ ఏముంటాయి" అన్నాడు.

ఎడిటింగ్_సూట్:
గ్రాఫిక్స్ నేను చేసిస్తా. నిజంగా అంటున్నా, మెసేజ్ పెట్టు.

నల్లకోటు_నాంపల్లి:
పోక్సో విచారణ ఇన్ కెమెరా, అంటే తలుపులు మూసి జరుగుతుంది, కోర్టు హాల్లోకి మిమ్మల్ని రానివ్వరు, వరండాలో కూడా పిల్లలున్నవైపు కెమెరా తిప్పొద్దు. సెక్షన్ 23 చదువుకోండి, పిల్ల పేరు, స్కూలు, ఇల్లు, చుట్టాలు ఏదీ గుర్తుపట్టేలా రాకూడదు. కేసుల స్టేటస్ ఈ-కోర్ట్స్ సైట్లో దొరుకుతుంది, డిస్పోజ్ అయినవాటి నుంచి మొదలుపెట్టండి. ఎక్కువగా సాక్షులు ఎదురు తిరిగినవే కనపడతాయి, అప్పుడు ఆ ఫ్యామిలీల మీద ఎవరు ఒత్తిడి తెచ్చారో అడగడం మొదలవుద్ది, దానికి దొంగ కెమెరా అక్కర్లేదు, ఓపిక కావాలి. లీగల్ చెక్ నేను చేస్తా, ఫీజు వద్దు.

సూటిగా_సుత్తిలేకుండా:
ఇదైతే షేర్ చేస్తా. కానీ మీరెవరూ నా ప్రశ్నకి సమాధానం చెప్పలేదు, ఈ రాత్రి ఎవడో ఒకడు ఏదో పిల్లకి మెసేజ్ పెడుతూనే ఉన్నాడు.

గోదారి_గట్టు:
అన్నా, 1098. పిల్లల హెల్ప్‌లైన్.